ఒళ్లు అలవకుండా కుక్కపిల్లను కాపాడే విధానం

ఊళ్లో మంచివాడని పేరు రావాలంటే ఇదివరకు చలివేంద్రం పెట్టాలి. లేదా గుళ్లో ఫ్యాను వేయించి రెక్కల మీద మూడు తరాల పేర్లు రాయించాలి. రెండూ ఖర్చుతో కూడిన పనులే. ఇప్పుడంత అవసరం లేదు, జబ్బు చేసిన కుక్కపిల్ల ఒకటి దొరికితే చాలు. తెనాలి కాలవ గట్ల మీద, బాపట్ల స్టేషన్ బయట, రేపల్లె బస్టాండు వెనక ఓపిగ్గా చూడండి. నెలన్నర, రెండు నెలల పిల్లలు కావలసినన్ని తిరుగుతుంటాయి. వాటిలో ఒకటి తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, నెత్తురు విరేచనాలతో మూలన ముడుచుకుని ఉంటే ఇక వెతకడం ఆపేయండి. అది చాలావరకు పార్వో, అంటే కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు.

కాలు విరిగిన పిల్ల జోలికి మాత్రం పోవద్దు. అది కట్టు కట్టించుకుని, నెలల తరబడి బతికి, చివరికి మీ సోఫా ఎక్కి పడుకుంటుంది. పార్వో అయితే నాలుగైదు రోజుల్లో వ్యవహారం తేలిపోతుంది. వైద్యం లేకపోతే పదింట తొమ్మిది పిల్లలు పోతాయి. వేళకు మంచి వైద్యం అందితే పదింట ఎనిమిదో తొమ్మిదో బతుకుతాయి. ఈ లెక్కలో మొదటి సగం మనది, రెండో సగం డాక్టర్లది. కలగాపులగం చేసుకోకండి.

1. మొదటి రోజు ఊరికే ఉండండి.

వైరస్ ఒంట్లోకి దూరిన మూడు నుంచి ఏడు రోజులకు పిల్ల డీలాపడుతుంది. ముద్ద ముట్టదు, తెల్లటి నురుగు కక్కుతుంది. వైద్యం మొదలుపెడితే ఎక్కువ ఫలితం ఉండేది ఈ రోజే. అందుకే ఈ రోజును ఎలాగోలా దాటించాలి. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగిచూసి, "ఏం బాబూ, పిల్ల నిన్నట్నించీ తిండి ముట్టినట్టు లేదే?" అంటారు. "నులిపురుగులు పిన్నిగారూ, వాటంతటవే పోతాయి" అనండి. ధీమాగా అన్నారంటే ఎదురు ప్రశ్న రాదు. ఒకవేళ వస్తే, "మీ మనవడికి జలుబు తగ్గిందాండీ?" అని అడగండి. అరగంట గడిచిపోతుంది.

2. ఫొటో తీయించుకోండి.

రెండో రోజుకల్లా పిల్ల కళ్లు లోతుకు పోతాయి. మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే మడత అలాగే నిలబడుతుంది. ఒంట్లో నీళ్లు అడుగంటాయన్నమాట. ఫొటోకి ఇంతకన్నా మంచి అదను దొరకదు. ఒళ్లో తువ్వాలు పరుచుకోండి, పిల్ల కోసం కాదు, ప్యాంటు కోసం. పార్వో విరేచనం కంపు ఒక్కసారి ముక్కుకు తగిలితే జన్మలో మరిచిపోరు. అయితే ఫొటోకి వాసన ఉండదు కాబట్టి మొహం నిండా కరుణ తెచ్చుకోండి. ముక్కు చిట్లించారా, సగం లైకులు పోతాయి.

తెనాలి వాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. విగ్రహాల తయారీలో ఆ ఊరికి పెద్ద పేరు. 2021లో ఇనప తుక్కు అతికించి 14 అడుగుల మోదీ విగ్రహం తయారుచేశారు. కుక్కపిల్లను చంకనెత్తుకున్న భంగిమలో మీ విగ్రహానికి ఎంతవుతుందో ముందే కనుక్కోండి. కుక్కపిల్లకు వేరే రేటు చెబితే మాత్రం ఒప్పుకోవద్దు.

3. పేరు పెట్టండి.

"కుక్కపిల్లకు సాయం చేయండి" అంటే పది రూపాయలు రాలతాయి. "మా సింబా ప్రాణాలతో పోరాడుతోంది" అంటే అయిదొందలు. ఇంతకు మించి ఇందులో చెప్పాల్సిందేమీ లేదు.

4. డాక్టరు దగ్గరికి వెళ్లకండి.

అసలు ఈ వ్యాసమంతా ఈ ఒక్క సూచనతో సరిపెట్టొచ్చు. పశువుల ఆసుపత్రి గడప తొక్కితే మీ పథకం మొత్తం పాడైపోతుంది. అక్కడ విరేచనం కాస్త పుల్లతో తీసి చిన్న కిట్టు మీద వేసి, కాసేపట్లో పార్వో అవునో కాదో చెప్పేస్తారు. ముందుకాలి నరానికి కాన్యులా పెట్టి సెలైన్ ఎక్కిస్తారు. వాంతులు ఆగడానికి ఒక ఇంజెక్షను, పేగు లోపలి పొర దెబ్బతిన్నచోట సూక్ష్మజీవులు నెత్తురులోకి చొరబడకుండా ఇంకో ఇంజెక్షను. వైరస్‌ని నేరుగా చంపే మందు వాళ్ల బీరువాలోనూ లేదు. ఒంట్లో నీళ్లు, లవణాలు, వెచ్చదనం తగ్గకుండా చూస్తూ, పిల్ల శరీరం తనంతట తాను గెలిచేదాకా అయిదారు రోజులు కాపు కాస్తారు, అంతే. ఇంత సాదా పనితో పిల్ల బతికిపోతే మరి మీ త్యాగం ఎక్కడ కనపడుతుంది?

కాబట్టి సాకులు సిద్ధం చేసుకోండి. ఆదివారం సెలవు. సోమవారం రద్దీ. మంగళవారం మంచి పని మొదలుపెట్టకూడదు. బుధవారం డాక్టరుగారు క్యాంపుకెళ్లి ఉంటారు (వెళ్లారో లేదో కనుక్కోకండి). గురువారం మీకు ఉపవాసం. శుక్రవారం ఇంట్లోంచి డబ్బు బయటికి పోకూడదు. శనివారం ప్రయాణం కలిసిరాదు. మధ్యలో వర్జ్యం, రాహుకాలం ఉండనే ఉన్నాయి. పార్వోకి వారం మొత్తం అక్కర్లేదు కూడా.

వారాలు చాలకపోతే జిల్లాలున్నాయి. 2022 ఏప్రిల్ 4 దాకా తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ గుంటూరు జిల్లాలోనే ఉండేవి, సాకులకు కరువుగా ఉండేది. ఆ రోజు నుంచి బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలోకి వెళ్లాయి, తెనాలి గుంటూరులో మిగిలింది. ఇంత పెద్ద సౌకర్యాన్ని జనం సరిగ్గా వాడుకోవడం లేదు. రేపల్లెలో పిల్ల కనపడితే "మేం తెనాలి వాళ్లం, మా జిల్లా కాదు" అనండి. తెనాలిలో కనపడితే "మేం రేపల్లె వాళ్లం" అనండి. రెండూ కాదంటే గన్నవరం పేరెత్తండి. "అక్కడ ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, చూపిస్తే అక్కడే చూపించాలి, ఈ చిన్న ఆసుపత్రుల్లో నాకు నమ్మకం లేదు" అని నిట్టూర్చండి. గన్నవరం విజయవాడ దాటాక వస్తుంది. మీరెలాగూ పోరు. పెద్దాసుపత్రి మీద గౌరవంతో చిన్నాసుపత్రికి పోకుండా ఉండటం మనుషుల విషయంలోనూ బాగా పనిచేస్తుంది, చూసే ఉంటారు.

ఎవరైనా కుర్రాడు "అన్నా, 1962కి ఫోన్ చేద్దామా, పశువుల అంబులెన్సు వస్తుందంట" అంటాడు. 2022 మేలో రాష్ట్రంలో మొదలైన సంచార పశువైద్య వాహనాల నంబరు అది. వెంటనే చైనా యుద్ధం సంగతి ఎత్తండి. 1962 అనగానే పెద్దవాళ్లు నలుగురు నెహ్రూ తప్పెంత, కృష్ణమీనన్ తప్పెంత అని తగులుకుంటారు. కుర్రాడి చేతిలో ఫోను దానంతటదే జేబులోకి పోతుంది.

5. మెడికల్ షాపును నమ్ముకోండి.

ఏం తిన్నా కక్కుతున్న పిల్లకు నోట్లో వేసిన మాత్ర నిలవదు. దెబ్బతిన్న పేగు దాన్ని పీల్చుకోదు కూడా. సెలైను నరంలోకి ఎక్కించేది అందుకే. మీరు మాత్రం మాత్రలే వేయండి. మన ఒంటి నొప్పులకు వాడే పారాసెటమాల్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇంట్లో ఎటూ మిగిలి ఉంటాయి. మనిషికి ఒకటైతే పిల్లకు అర అని లెక్క వేసుకోండి. కుక్క కాలేయానికీ, మూత్రపిండాలకూ ఆ లెక్క తెలియదు, అది వాటి ఖర్మ. డైక్లోఫెనాక్ వాడిన పశువుల కళేబరాలు తిని మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. దాంతో 2006లో పశువులకు ఆ మందు వాడకూడదని నిషేధించారు. రాబందుల జాతినే దాదాపు ముగించిన మందు పేగు పుండైన రెండు కేజీల పిల్లను ఊరికే వదులుతుందా? పని ఖాయంగా జరుగుతుంది.

మందుల చీటీ అడిగితే, "మా అబ్బాయికండీ" అనండి. బరువెంత అని అడిగితే మీ అబ్బాయి బరువే చెప్పండి.

6. వంటింటి వైద్యం చేయండి.

దుగ్గిరాల పసుపు యార్డు కూతవేటు దూరంలో పెట్టుకుని ఇంజెక్షన్ల కోసం పరుగెత్తడం మన నేలకు అవమానం. రెండు చెంచాల పసుపు నీళ్లలో కలిపి, పిల్ల దవడలు పెగలదీసి, గొంతులో పోయండి. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, దానికి మళ్లీ పసుపే. తెనాలి నిమ్మకాయల యార్డు కూడా ఉంది కాబట్టి దిష్టి తీయడానికి లోటు లేదు. మూడు తిప్పులు కుడికి, మూడు ఎడమకి. ఈ వైద్యంలో పిల్లకు హాని చేయనిది ఇదొక్కటే. దీని మీద ఎక్కువసేపు గడపకండి.

ఆకలిగా ఉందనుకుంటే గేదెపాలు పట్టండి. పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి ఆ పేగుకు ఇప్పుడు లేదు, విరేచనాలు రెట్టింపవుతాయి. కంపు కొడుతోందని పంపు కింద చన్నీళ్ల స్నానం చేయించండి. పార్వో పిల్లకు ఒళ్లు చల్లబడితే ప్రమాదమనీ, గుడ్డ చుట్టి వేడినీళ్ల సీసా పక్కన పెట్టాలనీ చాదస్తులు అంటుంటారు. మీరు బాత్‌రూములో బండల మీద పడుకోబెట్టండి. తర్వాత కడుక్కోవడం తేలిక.

7. చందాలు ఎత్తండి.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ అందరికీ తెలిసిందే. పిల్లిని మేపమని రాయలవారు పాడి ఆవునిచ్చారు. కవిగారు మొదటిరోజే సలసలా కాగే పాలు పెట్టి పిల్లి మూతి కాల్చారు. ఆపైన అది పాలగిన్నె కనపడితే ఆమడ దూరం పరుగెత్తేది. పాలు ఇంటిల్లిపాదీ తాగారు, పిల్లి ఎముకలగూడైంది, కవిగారికి మెప్పు దక్కింది. ఊరి పేరు నిలబెట్టాలంటే ఇదే దారి. క్యూఆర్ కోడు కింద "సింబాకి సెలైన్" అని రాయండి. సెలైన్ సీసా ఫొటో కావాలంటే మేనత్తగారు డెంగ్యూతో చేరినప్పటిది గ్యాలరీలో ఉంటుంది, సీసా వరకు కత్తిరించండి. లెక్క అడిగినవాణ్ణి "మూగజీవి ప్రాణం దగ్గర లెక్కలా?" అని గద్దించండి. వాడే సిగ్గుపడతాడు.

8. కరిస్తే కంగారుపడకండి.

మందు పోసేటప్పుడు పిల్ల పంటిగాటు పడొచ్చు. పార్వో మనుషులకు సోకదు. అయితే అదే పిల్లకు రేబిస్ లేదని చెప్పడానికి మీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు. గాటును పంపు కింద సబ్బుతో పావుగంట కడగాలనీ, ప్రభుత్వాసుపత్రిలో మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు అంటూ ఇంజెక్షన్లు ఉచితంగా వేస్తారనీ చెబుతారు. ఉచితంగా ఇచ్చేదానికి విలువేముంటుంది? కారం అద్దండి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కి వైద్యమంటూ లేదు కాబట్టి అటు తర్వాత మందుల ఖర్చు కూడా ఉండదు.

9. పొరపాటున ఎవరైనా వైద్యం చేయిస్తే కుంగిపోకండి.

వీధికొక పిచ్చివాడు ఉంటాడు. బాపట్ల వ్యవసాయ కళాశాల హాస్టల్ కుర్రాడో, ట్యూషన్ చెప్పుకునే అమ్మాయో, మీరు భోంచేసి పడుకున్న వేళ పిల్లను స్కూటీ మీద ఆసుపత్రికి చేరుస్తారు. రెండు సీసాలు ఎక్కేసరికి తల ఎత్తుతుంది. మర్నాడు తోక కదుపుతుంది. మీ అదృష్టం బాగుంటే ఇక్కడ కూడా చక్కదిద్దుకోవచ్చు. "తోక ఊపుతోందిగా, ఇక చాలు, పసిదాన్ని సూదులతో ఎందుకు హింసించడం" అని ఇంటికి తెచ్చేయండి. ఈ వైరస్ పేగుతో పాటు ఎముకల్లోని మజ్జనూ తింటుంది, తెల్లకణాలు పడిపోయి ఉంటాయి, పైకి తేరుకున్నట్టు కనపడే రోజుల్లోనే వేరే జబ్బు లోపలికి రావడానికి గుమ్మం బార్లా తెరిచి ఉంటుంది. పిల్ల ఇంటికొచ్చిన సంతోషంలో బిర్యానీ పెట్టండి. ఉడికించిన మెత్తటి అన్నం, చికెన్ పోగులు గోరుముద్దలంత రోజుకు అయిదారుసార్లు పెట్టమన్న డాక్టరు చీటీని బిర్యానీ పొట్లం కింద పరవండి.

అప్పటికీ బతికితే సూర్యలంక తీసుకెళ్లి సముద్రం ఒడ్డున రీలు చేయండి. కోలుకున్న పిల్ల ఇంకో రెండు వారాల దాకా విరేచనంలో వైరస్ వదులుతూనే ఉంటుంది. ఆదివారం పూట బీచికి ఇంకా చాలామంది తమ కుక్కపిల్లల్ని తెస్తారు. మంచిని నలుగురికీ పంచాలి.

10. టీకాల గురించి గట్టిగా వాదించండి.

"మా తాతగారి కాలంలో ఏ కుక్కకు టీకాలేయించారు?" అనండి. దీనికి తిరుగు లేదు. తాతగారి కాలంలో ఈ జబ్బే లేదనీ, 1978లో ఒక్కసారిగా ప్రపంచమంతా పాకిందనీ, టీకా వచ్చాకే అదుపులోకి వచ్చిందనీ చెప్పేవాడు ఆ చుట్టుపక్కల ఉండడు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున, 16 వారాలు నిండేదాకా వేయించాలి. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఉన్నన్నాళ్లూ టీకా సరిగ్గా పట్టదు. అది ఏ వారం తరిగిపోతుందో ఒక్కో పిల్లకు ఒక్కో తీరు. అన్నిసార్లు వేసేది అందుకే. మీరు మొదటిది వేయించి, కార్డు ఫొటో పెట్టి, అంతటితో ఆపేయండి. డబ్బూ ఖర్చయింది, రక్షణా లేదు. రెండు వైపులా నష్టపోవడం అందరికీ చేతనయ్యే పని కాదు.

11. పునరావాసం కల్పించండి.

పునరావాసం అంటే పిల్ల మన ఇంట్లో లేకపోవడం. నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల మీద బంధువులెవరో ఒకరుంటారు. "మామయ్యగారూ, మంచి జాతిది, కాపలాకి పనికొస్తుంది" అని అంటగట్టండి. మూడు నెలల పిల్ల ఎండలో మూడడుగుల గొలుసుకి కట్టేసి ఎలా కాపలా కాస్తుందో మామయ్యగారే చూసుకుంటారు. ఆయన ఒప్పుకోకపోతే తెనాలిలో రేపల్లె రైలు ఎక్కండి. పట్టాలు రేపల్లెతో అయిపోతాయి కాబట్టి అక్కడ దింపిన పిల్ల ఇంకో ఊరికి పోయే ప్రమాదం లేదు.

చట్టం గురించి భయపెడతారు. తిండి లేక బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరమే. మొదటి తప్పుకి అందులో రాసిన జరిమానా పది రూపాయలకు తక్కువ కాకుండా యాభైకి మించకుండా. చందాల్లో మిగిలినదాంతో కట్టేయొచ్చు, రశీదు కూడా పోస్టు చేయొచ్చు. చంపినా, అవిటిదాన్ని చేసినా అయిదేళ్ల దాకా జైలని భారతీయ న్యాయ సంహితలో 325 సెక్షను ఉంది. దాని సంగతి ఎత్తకండి.

12. సంతాపం ప్రకటించండి.

పద్ధతి తప్పకుండా పాటించినవాళ్లకు పై మూడు సూచనల అవసరమే రాదు, సరాసరి ఇక్కడికి వస్తారు. "మా శాయశక్తులా ప్రయత్నించాం. దేవుడు తీసుకెళ్లాడు" అని రాయండి. తప్పు దేవుడి మీద వేయడం ఇష్టం లేకపోతే డాక్టర్ల మీద వేయండి. మీరు వెళ్లలేదు కాబట్టి ఫలానా డాక్టరని చెప్పలేరు. "వ్యవస్థ విఫలమైంది" అనండి. పిల్లను కాలవలో పారేయించండి, పాతిపెట్టడమంటే గొయ్యి తవ్వాలి.

13. గోనెసంచి దాచిపెట్టండి.

పిల్ల పడుకున్న సంచి, అన్నం పెట్టిన సత్తుగిన్నె పారేయొద్దు. ఈ వైరస్ నీడపట్టున నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా నిలిచి ఉంటుంది. శానిటైజరుకి చావదు, ఫినాయిలుకీ లొంగదు. ఇంట్లో వాడే బ్లీచు ఒక పాలుకు 30 పాళ్లు నీళ్లు కలిపి, కడిగిన నేల మీద పోసి పది నిమిషాలు తడి ఆరకుండా ఉంచితే చస్తుంది. కాబట్టి ఫినాయిలే వాడండి, ఇల్లు కూడా ఘుమఘుమలాడుతుంది. వారం తిరక్కుండా పిన్నిగారు వచ్చి, "సందు చివర తల్లికుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది బాబూ, వానకి తడుస్తున్నాయి" అంటారు. సంచి దులపండి, ఉతక్కండి. తీసుకెళ్లి నాలుగింటి కిందా పరవండి. బయలుదేరే ముందు ఫోన్లో చార్జింగ్ ఉందో లేదో చూసుకోండి.